వాటర్ ట్యాంకు పక్కన

"పట్టపగలే చుక్కలు చూపిస్తారా నాకు?" అంటూ భార్య మేడెక్కింది.

"చుక్కలు రాత్రికి. పైనున్న ఈ పిల్ల గొట్టం, కిందున్న పెద్ద గొట్టం ఒక్కచోటే చూడాలి. వెలుగుండగానే సరిచేసుకోవాలి," అన్నాడు భర్త టెలిస్కోపు మరలు బిగిస్తూ. "అదిగో, దూరంగా ఆ వాటర్ ట్యాంకు మీద."

"వారం నుంచీ అదే ట్యాంకా? మీ గొట్టానికి ఇంకేం కనిపించదా?"

"నువ్వే చూడు."

ఆవిడ కన్ను ఆనించింది. గొట్టంలో అన్నీ తిరగబడి కనిపిస్తాయేమో, ట్యాంకు తలకిందులుగా వేలాడుతోంది. దాని పక్కన, తలకిందులుగానే, ఎవరో అమ్మాయి కుండీలకు నీళ్లు పోస్తోంది.

ఆ జడ విసురు చూడగానే ఆవిడ పోల్చుకుంది. విడిగా ఇల్లు తీసుకుని ఉంటానన్నందుకు, ఆర్నెల్లుగా తను మాటలు మానేసిన కూతురు!

"తిప్పేయనా?" అన్నాడాయన మెల్లగా.

"ఉండండి." కన్ను తియ్యకుండానే చెయ్యి చాపింది. "దానికి ఫోన్ కలిపి ఇలా ఇవ్వండి."

అవతల "హలో" అన్నారో లేదో ఆవిడ అందుకుంది.

"ఏమే, కలబందకి అన్నేసి నీళ్లు పోస్తారుటే? కుళ్లిపోదూ!"

టెలిస్కోపులో తలకిందుల పిల్ల మగ్గు కింద పెట్టి, ఇటు తిరిగి, చెయ్యి ఊపింది.

అంత దూరానికి కనిపించదని తెలిసీ, ఆవిడా ఊపింది.