మంగళం పాడని నవల

“ఇట్లాంటి పుస్తకమా నువ్వు మా కోడలికి ఇచ్చేది?” కంప్లి లైబ్రరీ బల్ల మీద నవలను దబ్బుమని పెట్టింది మా అత్త రామసుబ్బమ్మ.

“చదివినాక మనసులో నిలిచిపోయేది ఇయ్యమనింది. ఇచ్చినా అక్కా” అంది లైబ్రేరియన్ నేత్రావతి.

“నిలిచింది లే! కథలో పిల్లోళ్లంతా ఒక పొద్దున తల్లుల్ని మర్చిపోతారంట. అది చదివినప్పట్నుంచి ఈమె నిద్రపోయే పిల్లను లేపి ‘నేనెవరే?’ అంటాది. మా శ్రుతి నా దగ్గరికొచ్చి, ‘అవ్వా, అమ్మకు తానెవరో తెలీదంట, నువ్వన్నా చెప్పు’ అంటాది!”

నేను తల దించుకున్నాను. ఏడో తరగతిలో బడి మాన్పించాక నాకు మిగిలింది ఈ లైబ్రరీ ఒక్కటే. ఇక అదీ పోయిందనుకున్నాను.

“సరే, వాపస్ తీసుకుంటా” అంటూ నేత్రావతి చేయి చాపింది.

అత్త పుస్తకం ఇవ్వలేదు. నా వైపు తిరిగింది. “చదివేది ముగిసిందా?”

“లేదత్తా, సగమే.”

“పురాణం పట్టినోళ్లు మంగళం పాడకుండా లేస్తారా యాడన్నా? చిన్నపిల్ల ఉండే ఇంటికి మంచిది కాదు.” పుస్తకం తన సంచిలో వేసుకుంది. “నడువు. బస్సులోనే చదువు, నాకు ఇనబడేటట్లు. ఆ పిల్లోళ్లు తల్లుల్ని గుర్తుపట్టేదాకా నాకు ముద్ద దిగదు.”