నెమలిగట్టుకు మెట్లు

“బాబూ, ఆ మెట్లు ఇంకొంచెం వెడల్పు చెయ్యకూడదా?” అన్నాడు ఊరి నాయకుడు జానకిరామయ్య.

ఫయాజ్ డ్రాయింగు మీంచి తలెత్తి ఆయన వైపు చూశాడు. నరసరావుపేట క్యాంపు ఆఫీసులో డిజైన్ ఇంజనీరుగా చేరాక ఇలాంటి మాట వినడం ఇదే మొదలు. రోడ్డు పడుతుందంటే ఏ ఊరి నాయకుడైనా పరుగెత్తుకొచ్చేది తన భూమి తప్పించమని. ఈయనేమో ఇంకా కొయ్యమంటున్నాడు!

విషయం ఇదీ. మాచర్ల వైపు పోయే కొత్త హైవే నెమలిగట్టు అనే కొండను చీల్చుకుంటూ వెళ్లాలి. గట్టును నిట్టనిలువుగా కోస్తే వానాకాలంలో రాళ్లు జారి బస్సుల మీద పడతాయి. అందుకని పైనుంచి కిందికి మెట్లు మెట్లుగా కొయ్యాలి. జారిన రాయి ఏదో ఒక మెట్టు మీద ఆగుతుంది. అయితే మెట్టు వెడల్పయ్యేకొద్దీ కోత పెరుగుతుంది, గట్టు తరుగుతుంది. ఆ లెక్క చూడటానికే ఫయాజ్ కంప్యూటర్లో ఖరీదైన సాఫ్ట్‌వేర్ పెట్టారు.

అతనికి అదంటే ప్రాణం. పాత సర్వే వాళ్లు ఎప్పుడో కొలిచి పంపిన ఎత్తులు అందులో పోశాడు. తెర మీద గట్టు లేచి నిలబడింది. వాలు ఎంత, మెట్టు ఎంత అని చెప్తే చాలు, జున్నుముక్కలా తెగేది. మౌస్ తిప్పితే గట్టంతా గిర్రున తిరిగేది. మళ్లీ అక్కడికి పోయి చూసేదేముంది?

“ఒకసారి వెళ్లి చూసొద్దామా?” అని పక్క సీటు అర్చన అడగనే అడిగింది.

“ఈ ఎండలోనా? కొండ మొత్తం నా స్క్రీన్ మీదుంది కదా అర్చనా! ఏ రాయి చూపించమంటావో చెప్పు,” అన్నాడు ఫయాజ్.

అతన్ని పీకుతున్న భయం వేరే ఉంది. జానకిరామయ్యకి కంకర క్రషర్ ఉంది. రాయన్నది కంటపడితే ఆయన లారీ ఎక్కాల్సిందేనని చుట్టుపక్కల చెప్పుకుంటారు. “ఆ గట్టు రాయి ఒక్కటి ఆయన క్రషర్‌కి పోయిందా, నీ ఉద్యోగం పోయినట్టే,” అని పెద్దసారు నరసింహారావు ముందే హెచ్చరించాడు. ఇంటిల్లిపాదికీ ఆ ఉద్యోగమే ఆధారం. పాపం, ఫయాజ్‌కి అన్నం సయించడం లేదు.

మెట్లు వెడల్పు చెయ్యమన్నాడంటే ఇంకేముంది, రాయి మీద కన్నేశాడు! దొంగ దొరికాడని ఫయాజ్ లోలోపల మురిసిపోయాడు.

“చేస్తానండీ. కాకపోతే ఒక షరతు. పని మొదలైన దగ్గర్నుంచి మీ లారీ ఒక్కటి కూడా గట్టు ఛాయలకు రాకూడదు. పెద్దసారు ముందు మాటివ్వాలి.”

జానకిరామయ్య ముఖం చిన్నబోయింది. “ఏంది బాబూ, అంత మాటన్నావ్? కోటప్పకొండ స్వామి మీద ఆన. ఆ గట్టు నుంచి ఇంక గులకరాయి నా క్రషర్‌కి వస్తే చెప్పు తీసుకొని కొట్టు. నాకు జనం పాణాలు ముఖ్యం. ఒక మెట్టు ఎక్కువే పెట్టు!”

ఆఫీసంతా విన్నది. ఫయాజ్ మనసు కరిగి నీరైపోయింది. ఛ, ఇంత మంచి మనిషినా తను అనుమానించింది! వెంటనే మెట్లు వెడల్పు చేశాడు. ఇంకోటి కలిపాడు. గట్టు సగమైంది. జానకిరామయ్య మళ్లీ వచ్చి చూసి, “ఆ మిగిలిన కొస ఎందుకు బాబూ? చానా పెమాదం. రేపు జారితే ఆ పాపం ఎవరిది?” అన్నాడు. కొస కూడా పోయింది. సాఫ్ట్‌వేర్ కిక్కురుమనలేదు. చెప్పినంతా కోసింది.

సైటు పరిశీలన తప్పదు గనక ఒకరోజు అందరూ జీపెక్కారు. జీపు జానకిరామయ్య ఇంటి ముందు ఆగింది, ఇక కదల్లేదు. నాటుకోడి పులుసు, గారెలు, గోంగూర. “కోడిని మా హబీబ్ చేత హలాల్ చేయించా ఫయాజ్ బాబూ, మొహమాటపడమాక,” అంటూ కొసరి కొసరి వడ్డించాడు. తిన్నాక నులకమంచాలు వాల్చాడు. లేచేసరికి పొద్దువాలింది. పెద్దసారు మంచం మీద కూర్చునే నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి ఉత్తరం దిక్కుకు చూశాడు. “బాగుంది,” అన్నాడు. పరిశీలన అయిపోయింది.

డిజైన్ పాసైంది. పెద్దసారు సంతకం, దాని కింద ఫయాజ్ సంతకం. ఇంత జాగ్రత్తగా మెట్లు పెట్టిన కుర్రాణ్ణి చూడలేదని పైవాళ్లు మెచ్చుకున్నారు. వాళ్లమ్మ అక్తర్ బేగం వీధంతా మిఠాయి పంచింది.

భూమిపూజ రోజు వచ్చింది. షామియానా, బ్యాండుమేళం, ఫ్లెక్సీలు. అన్నిటికన్నా పెద్ద ఫ్లెక్సీలో జానకిరామయ్య నవ్వుతూ దండం పెడుతున్నాడు. ఆయన లారీలు మాటకు కట్టుబడి ఆ దరిదాపుల్లో లేవు. ఫయాజ్ కొత్త చొక్కా వేసుకొని, డ్రాయింగు చంకన పెట్టుకొని జీపు దిగాడు. మొదటి మెట్టు ఎక్కడొస్తుందో పైవాళ్లకి తనే చూపించాలని అతని ఆరాటం.

డ్రాయింగు విప్పి తలెత్తాడు. ఎదురుగా పచ్చటి నీళ్లతో పెద్ద గుంట. అందులో బర్రెలు ఈదుతున్నాయి. అవతల చదునుగా మిరప చేలు. డ్రైవరు తొందరపడి జీపు ముందే ఆపేశాడనుకున్నాడు.

“గట్టు ఇంకా ఎంత దూరమండీ?” అని అడిగాడు.

జానకిరామయ్య అతని భుజాన శాలువా కప్పి, చెవి దగ్గరికి వంగాడు.

“ఆ గుంటే గట్టు బాబూ, నాలుగేళ్ల నాడే మా క్రషర్ మింగేసింది, ఏమైందయ్యా అని గవర్నమెంటోళ్లు అడిగితే రోడ్డు కోసం మీరే కోశారని చూపించడానికి నీ సంతకమున్న ఈ బొమ్మ ఒక్కటే తక్కువైంది!”