చప్పుడు లేని పెట్టె

రాత్రి ప్రయోగశాలలోని దోమల గది తలుపు తీయగానే శాస్త్రవేత్త ఆగిపోయింది. వల బిగించిన నాలుగు పెట్టెల్లో మూడు రోజూలాగే రొద పెడుతున్నాయి. కిటికీ పక్కనున్నది మాత్రం చప్పుడు చేయడం లేదు.

మలేరియాను మోయలేని దోమల్ని పుట్టించాలని తొమ్మిదేళ్లుగా పడుతున్న తంటాలన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి. చచ్చిపోయాయా?

టార్చి వేసింది. రెండు వందల దోమలూ బతికే ఉన్నాయి. అన్నీ అవతలి వైపు వలకు కాస్త ఇవతల గుంపుగా, కదలకుండా కూర్చున్నాయి.

రోజూ రాత్రి వాటికి ఆమె నెత్తురే మేత. ఎప్పట్లాగే లోపలికి చెయ్యి పెట్టింది. ఒక్కటీ రాలేదు. మామూలు దోమలున్న పక్క పెట్టెలో పెడితే క్షణంలో చెయ్యంతా ముసురుకున్నాయి.

"ఏంటి తల్లీ, ఇంతసేపు?" కాపలా తాత గుమ్మంలోంచి తొంగిచూశాడు.

"నా నెత్తురు వీటికి మొహం మొత్తినట్టుంది తాతా."

"నాది పెట్టి చూడనా? జబ్బు లేనివేగా?"

తాత మనవరాలిని నిరుడు మలేరియానే పొట్టన పెట్టుకుంది. అయినా చొక్కా చెయ్యి పైకి మడిచి, పెట్టెలోకి చాపాడు. ఒక్క దోమా వాలలేదు. వేళ్లు కాస్త ముందుకు జరిపాడు. రెండు వందల దోమలూ ఒక్కసారే ఒక్క అడుగు వెనక్కి వేశాయి.

ఆమె టార్చి దగ్గరగా పట్టింది. తను మార్చింది రోగాన్ని మోసే గుణాన్ని మాత్రమే. భయపడటం వీటికి ఎవరు నేర్పారు?

తాత ఎడమచేత్తో కళ్లు తుడుచుకుని నవ్వాడు.

"ఇంకాస్త ముందుకు పెట్టనా తల్లీ?"

ఆమె జవాబు చెప్పేలోపే, మిగతా మూడు పెట్టెల్లోనూ రొద ఆగిపోయింది.