అదే ప్రశ్న

బెజవాడ కోచింగ్ కాలేజీలో ఉద్యోగం కోసం డెమో క్లాసు చెబుతున్న బసవపున్నయ్య, "ఆదర్శ వాయువులో అణువుల మధ్య ఆకర్షణ ఉండదు" అని బోర్డు మీద రాశాడు.

వెనక బెంచీలో కూర్చున్న ఫిజిక్స్ హెడ్ జుబియా పళ్లు బిగించింది. తను ఇంటర్ చదివేటప్పుడు పాఠంలో సరిగ్గా ఈ వాక్యం దగ్గరే లేచి ప్రశ్న అడిగితే, "నాకే పరీక్షా?" అని, క్లాసంతా నవ్వుతుండగా తనను వరండాలో నిలబెట్టింది ఈయనే.

"ఆకర్షణే లేకపోతే, చల్లబరిస్తే గ్యాసు ద్రవం ఎలా అవుతుంది సార్?" అదే ప్రశ్న అడిగింది.

ఆయన మొహం వెలిగిపోయింది. "భలే అడిగారు మేడమ్! నా సర్వీసులో ఒక్కరూ అడగలేదండీ ఈ ప్రశ్న."

జుబియా ఒళ్లు మండింది. ఇన్నేళ్లుగా దాచుకున్న మాట అనేసింది.

"వెళ్లి వరండాలో నిలబడండి."

"అలాగే మేడమ్." చేతికంటిన సుద్ద దులుపుకుని హుషారుగా వెళ్లి నిలబడ్డాడు. అక్కణ్ణించే తొంగిచూశాడు.

"రిజల్టు ఇవాళే చెప్పేస్తారాండీ?"