రోహిణి కార్తెలో హీటరు

“అవి తాగే నీళ్ళు సామీ!” అని నాగులమ్మ అరుస్తూనే ఉంది. పెంచలరెడ్డి ఆమె చంకలోని బిందె లాక్కుని, ఆవిరి కక్కుతున్న తన కారు ముందుభాగం మీద మొత్తం గుమ్మరించేశాడు.

సుయ్‌మని ఇంకా పెద్ద ఆవిరి లేచింది. పెంచలరెడ్డి నాలుగడుగులు వెనక్కి దూకాడు. నీళ్ళన్నీ మైపాడు రోడ్డు ఇసుకలో ఇంకిపోయాయి.

“ఇంట్లో బాలింత ఉండాది. మైలు దూరం పోయి తెచ్చుకున్న తియ్యనీళ్ళు. ఇట్ట నేలపాలు చేస్తివే!” నాగులమ్మ బిందె తీసుకుని తిరగేసి చూసింది. చుక్క లేదు.

“సముద్రం పక్కనే పెట్టుకోని బిందెడు నీళ్ళకు ఏడుస్తావేందే? పోయి ముంచుకో!” అన్నాడు పెంచలరెడ్డి, కోటు మీద పడిన తుంపర్లు దులుపుకుంటూ.

పందొమ్మిది వందల అరవై ఒకటో సంవత్సరం, రోహిణి కార్తె. ఊళ్ళో జనానికి ఒంటి మీద గుడ్డ బరువవుతుంటే, ఈయనకు ఉన్ని కోటు, మెడకు టై. ఇంగ్లీషు సీమ నుంచి ఓడలో దిగిన ఎర్ర స్పోర్ట్సు కారును సముద్రం ఒడ్డున నిలబెట్టి, దాని మీద చెయ్యి వేసి ఫోటోలు తీయించుకుని వస్తున్నాడు. సాయంత్రం అయిదింటికి నెల్లూరు క్లబ్బులో మద్రాసు పెద్దమనుషులు ఆ కారు చూస్తారు. నచ్చితే వాళ్ళ మోటారు సంఘంలో చేర్చుకుంటారు. కారు మైపాడు దాటీ దాటకముందే కుతకుత ఉడికి ఆగిపోయింది.

రోడ్డు పక్క తాటాకు షెడ్డులోంచి మెకానిక్ క్రీస్తుదాసు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

“కాగిన ఇనుము మీద చన్నీళ్ళు పోస్తే పగిలిపోద్దయ్యా. ఎవరు పొయ్యమన్నారు?”

“ఒరేయ్, ఎద్దులబండి ఇరుసుకు కందెన పూసుకునేవాడివి, ఈ కారు సంగతి నాకు చెప్తావా? ఇంగ్లీషువాడి ఇంజనురా ఇది. మూత తీసి నీళ్ళు పొయ్యి.”

“ఇప్పుడు మూత తీస్తే నా మొహం కాల్తాది. అరగంట చల్లారాల. నా దగ్గరుండేవి ఉప్పునీళ్ళు. అవి పోస్తే రేడియేటరు లోపల తుప్పు పడతాది. తియ్యనీళ్ళు కావాల.”

పెంచలరెడ్డి నాగులమ్మ వైపు వేలు చూపాడు. “ఏయ్, పోయి ఇంకో బిందె పట్రా. అయిదింటికి నేను నెల్లూరులో ఉండాల.”

నాగులమ్మ బిందె ఆయన కాళ్ళ ముందు పెట్టి, షెడ్డు నీడలో కూర్చుంది. “నాకు కాళ్ళు లేవు” అంది.

క్రీస్తుదాసు ఇంజను దగ్గర వంగి ఉన్నాడు. తల ఎత్తలేదు. “నేను బండి చూడాలయ్యా. అయిదింటికి పోవాలంటే మీరే తెచ్చుకోవాల. బావి ఆ పక్కనే, మైలే.”

పెంచలరెడ్డి వాచీ చూసుకున్నాడు. మూడు దాటింది. ఇద్దరినీ తిట్టాడు, మైపాడును తిట్టాడు, చివరికి బిందె తీసుకుని నడిచాడు. టై విప్పితే మళ్ళీ అంత బాగా కట్టుకోవడం చేతకాదు కాబట్టి విప్పలేదు. నున్నటి తోలు బూట్లు ఇసుకలో కూరుకుపోతూ ఉంటే, బిడ్డను ఎత్తుకున్నట్టు బిందెను రెండు చేతులా ఎత్తుకుని ఆ నెల్లూరు క్లబ్బు పెద్దమనిషి తిరిగి వచ్చేసరికి నాలుగు దాటింది.

క్రీస్తుదాసు గుడ్డతో మూత తీసి, సగం బిందె రేడియేటరులో పోశాడు. మిగతా సగం నాగులమ్మ ముందు పెట్టాడు. పెంచలరెడ్డికి అరవడానికి ఊపిరి మిగలలేదు.

“ఇంక పోవచ్చునా?” అన్నాడు.

“పోవచ్చయ్యా. ఒక్క మాట. ఈ బండికి హీటరు ఉండాదే, అది నిండా తిప్పుకోండి.”

“హీటరా? రోహిణి కార్తెలోనా? పిచ్చి పట్టిందా నీకు?”

“ఇంజను వేడి యాటికి పోవాలయ్యా? హీటరు తిప్పితే ఆ వేడంతా మీ కాళ్ళ మీదికి వచ్చేస్తాది. ఇంజను చల్లబడతాది. చలిదేశం బండి గదా, వాళ్ళు దానికే పెట్టినారేమో. తమరికి తెలీందేముంది?”

ఆ చివరి మాటతో పెంచలరెడ్డి మెత్తబడ్డాడు. “తెలుసులే. నీకు తెలుసో లేదో అని అడిగినాను” అన్నాడు.

“నెల్లూరు చేరేదాకా ఆపొద్దండి. ఆపినారంటే మళ్ళీ ఇంతే, మళ్ళీ బిందే.”

కారు స్టార్టయింది. పెంచలరెడ్డి హీటరు మీట చివరిదాకా తిప్పాడు. ప్యాంటు కాళ్ళు బుస్సున ఉబ్బాయి. మొహం కారు రంగుకు తిరిగింది. చెమట టై మీదుగా కారుతుంటే పళ్ళు బిగించి వేడి చూపించే ముల్లు వంక చూశాడు. అది మధ్యలో కదలకుండా నిలబడింది.

“చూసినావా, ముల్లు ఎట్ట నిలబడిందో! మీబోటి వాళ్ళకు ఈ ఇంజన్లు ఈ జన్మకు అర్థం కావు!” అని అరిచి, వేడిగాలి మింగుకుంటూ నెల్లూరు వైపు దూసుకుపోయాడు.

దుమ్ము అణిగేదాకా ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు.

“పాపం, పన్నెండు మైళ్ళు ఆ సెగలో కూర్చోవాల్నా నాయనా?” అంది నాగులమ్మ, బిందె చంకకెత్తుకుంటూ. “అది లేకుంటే బండి నిజంగానే ఆగిపోద్దా?”

క్రీస్తుదాసు షెడ్డులోకి వెళ్ళి బల్ల కింద నుంచి, అంచులు మాడిన పట్టు కండువా ఒకటి తీసుకొచ్చాడు.

“ఒడ్డున ఇసుక పడకుండా ఆయనే తన కండువాను రేడియేటరుకు అడ్డం కట్టి మరిచిపోయినట్టుండాడక్కా, గాలాడక ఉడికింది. ఆయన బావికి పోయినప్పుడే దీన్ని తీసేసినాను, బండి బాగయిపోయింది. హీటరు పెట్టించింది బండి కోసం కాదు.”