మరొక్క టేక్

"కట్," అన్నాడు దర్శకుడు. "బాగుందమ్మా, చాలా బాగుంది. మరొక్కసారి చేద్దాం."

అంత బాగుంటే మళ్ళీ ఎందుకట? కెమెరామన్‌కి తెలుసు ఎందుకో. ఆ తల్లి ఏడ్చింది గానీ, కన్నీళ్ళు చెంప మీదికి జారకముందే అరచేత్తో తుడిచేసుకుంది.

ఉరిశిక్ష మీద డాక్యుమెంటరీ అది. చట్టం పేరు చెప్పి మనిషి ప్రాణం తియ్యడం ఎంత అన్యాయమో లోకానికి చూపించాలని దర్శకుడు ఏళ్ళ తరబడి చెప్పులరిగేలా తిరిగాడు. చెడ్డవాడేం కాదు. కాకపోతే షూటింగ్ మొదలైందంటే ఎదురుగా ఉన్నది మనిషన్న సంగతి మరిచిపోతాడు.

ఇరుకు గది. శబ్దం మైకులో పడుతుందని ఫ్యాన్ ఆపేశారు. ఫ్రిజ్ ప్లగ్గు పీకేశారు. పక్కింటావిడ మిక్సీ వేస్తుంటే సౌండ్ రికార్డిస్టు వెళ్ళి, కాళ్ళావేళ్ళా పడి ఆపించి వచ్చాడు. పెద్దావిడ మాత్రం లైట్ల వేడికి చెమటలు కక్కుతూ, తన ఇంట్లో తనే చుట్టంలా కుర్చీ అంచున కూర్చుంది.

"చెప్పండమ్మా. మీ అబ్బాయిని ఉరి తీసేశారని ఫోనొచ్చినప్పుడు ఎలా అనిపించింది?"

ఆమె కొంగుతో మెడ మీది చెమట తుడుచుకుంది.

"పొయ్యి మీద పాలు పెట్టాను బాబూ. ఇంతలో ఫోను మోగింది. పాలన్నీ పొంగిపోతున్నా పొయ్యి ఆపాలని తోచలేదు."

"ఇందాక బట్టలు ఉతుకుతున్నానన్నారు కదా?"

ఆమె బెదిరిపోయింది. "అన్నానా? తప్పయిపోయింది బాబూ. ఏది ఉంచమంటారు?"

"పాలే ఉంచండి. అదే బాగుంది."

కెమెరామన్‌కి తల కొట్టేసినట్టయింది. తనకీ తల్లి ఉంది. ఆవిడని ఎవడైనా ఇలా కూర్చోబెట్టి ఏడవమంటే చెంప పగలగొట్టి ఉండేవాడు. ఇక్కడేమో నోరు మూసుకుని ఫోకస్ సరిచూసుకుంటున్నాడు. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనిపించింది.

ఉండబట్టలేక దర్శకుణ్ణి పక్కకి పిలిచాడు. "ఇక చాలు సార్. పెద్దావిడ ఉసురు పోసుకోవద్దు."

"నాకేమన్నా సరదానా? నాలుగు రోజులు పోతే చానెళ్ళవాళ్ళు ఈ వాకిట్లో మనల్ని కాలు పెట్టనిస్తారా? మనకి ఉన్నది ఇవాళే."

ఆ మాటలు ఆమె చెవిన పడ్డాయి.

"పర్లేదు నాయనా, తీసుకోండి. ఇది చూశాక ఇంకో తల్లికైనా కొడుకు దక్కుతాడన్నారుగా. అది చాలు నాకు."

కెమెరామన్ వెళ్ళి కెమెరా వెనక నిలబడ్డాడు.

మళ్ళీ పాలు పొంగాయి. మళ్ళీ ఫోను మోగింది. ఈసారి ఆమె సగంలోనే పాల సంగతి వదిలేసింది. "వాడు లేడని... ఇక నా బిడ్డ లేడని..." అంటూ కుర్చీలో ముడుచుకుపోయింది. కన్నీళ్ళు ధారలు కట్టాయి. తుడుచుకోవద్దని దర్శకుడు చేత్తో సైగ చేశాడు. చెప్పినట్టే ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది.

కెమెరామన్ ఆ ముఖాన్ని దగ్గరగా, ఇంకా దగ్గరగా పట్టాడు. చెయ్యి కాస్తయినా వణకలేదు. ఆ చేతిని చూసుకోవాలంటే సిగ్గేసింది.

"ఓకే," అన్నాడు దర్శకుడు. అతని కళ్ళు కూడా తడిశాయి.

లైట్లు ఆర్పారు. ఫ్యాన్ వేశారు. వైర్లు చుట్టుకుని సామాను వ్యానుకెక్కించారు. ఎవరూ ఎవరి ముఖం చూడలేదు.

అంతలో ఆమె ముఖం కడుక్కుని, ఉతికిన బట్టలు కట్టుకుని, శుభ్రంగా తల దువ్వుకుని బయటికొచ్చింది. తలుపుకి తాళం వేసి, వ్యాను పక్కన మొహమాటంగా నిలబడింది. కెమెరామన్ తల ఎత్తలేకపోయాడు.

"నాయనా, మీ బండి జైలు మీదుగా పోతుందా? ఇవాళ ములాఖత్ ఉంది, నేను ఆలస్యమైతే మా అబ్బాయి మెతుకు ముట్టకుండా కూర్చుంటాడు."