మాత్రకు ముందు ఒక ప్రశ్న

“ఒక్క మాత్రకి ఇన్ని ప్రశ్నలా డాక్టరమ్మా? నేను పడవ దించాలి. రాసిచ్చేద్దురూ!” తోర్లైఫ్ కుర్చీ అంచుకు జరిగాడు. అరవై దాటిన జాలరి, ఒక్క చోట కుదురుగా కూర్చునే మనిషి కాదు.

ఆ నార్వే దీవికంతటికీ డాక్టరు సినోవె ఒక్కతే. అతను ఇంటి నుంచి సీసాలో తెచ్చిన మూత్రంలో ఇన్ఫెక్షన్ కనిపించింది. పెన్సిలిన్ పడదన్నాడు. ఇక మిగిలింది సిప్రోఫ్లాక్సాసిన్ అనే మాత్ర. అది రాసే ముందు అడగవలసినవన్నీ అడగందే ఆమె పెన్ను కదలదు.

“మడమ వెనక నరం ఎప్పుడైనా నొప్పి పెట్టిందా?”

“లేదు.”

“మూర్ఛ? గుండె దడ?”

“లేదు, లేదు. నా పెళ్లిలో పాస్టరు కూడా ఇన్ని అడగలేదు!”

“మీ ఇంట్లో ఎవరికైనా పెద్ద రక్తనాళం ఉబ్బి పగిలిందా?”

“అదంతా నాకేం తెలుసు? మా నాన్న వల లాగుతూ ‘నడుం, నడుం’ అని అరిచి పడిపోయాడు. మళ్లీ లేవలేదు.”

సినోవె పెన్ను పక్కన పెట్టింది. “పడుకోండి. మీ నాన్నకి పగిలింది ఆ నాళమే కావచ్చు. మీకూ అది బలహీనంగా ఉంటే ఈ మందు ఇంకా దెబ్బతీస్తుంది. చూడందే రాయను.”

సణుక్కుంటూనే పడుకున్నాడు. సినోవె బొడ్డు పైన అరచేయి ఆనించింది. కడుపులో ఇంకో గుండె ఉన్నట్టు ఏదో కొట్టుకుంటోంది. స్కానింగ్ తెర మీద చూస్తే పెద్ద రక్తనాళం మీద బత్తాయంత ఉబ్బు.

గంటలో హెలికాప్టర్ వచ్చి అతన్ని తీసుకెళ్లింది.

సాయంత్రం పెద్దాసుపత్రి నుంచి సర్జన్ ఫోన్ చేశాడు. “బతికాడు. నాళం గోడ కాగితంలా ఉంది. వారం దాటేవాడు కాదు. అసలు ఏ లక్షణం చూసి పట్టుకున్నారు?”

“ఏ లక్షణమూ లేదు. మందు రాసే ముందు అడగాలి కాబట్టి అడిగాను.”

“ఇరవయ్యేళ్లలో ఇలాంటిది వినలేదు” అన్నాడు సర్జన్. “అన్నట్టు, ఇన్ఫెక్షన్ అని రాశారేమిటి? రెండుసార్లు పరీక్ష చేశాం. ఏమీ లేదే!”

సినోవె తను రాసుకున్న కాగితం మళ్లీ తీసి చూసింది. అంతలో తలుపు తోసుకుని ఓ ముసలాయన లోపలికొచ్చాడు. అచ్చం తోర్లైఫ్ ముఖమే. జ్వరంతో గజగజ వణుకుతున్నాడు.

“మా తమ్ముణ్ణెందుకు ఎత్తుకుపోయారు డాక్టరమ్మా? వాడికి ఏ రోగమూ లేదు! ఇక్కడికి రావడానికి భయమేసి, నా మూత్రం సీసాలో పోసిచ్చి, అది వాడిదని చెప్పి మందు తెమ్మని నేనే పంపాను!”